కత్తెర మీమాంస

ప్రాచీన శాస్త్రగ్రంథాలు ఏ విషయాన్ని చేపట్టినా, దాన్ని చదవదగినవాడెవడు, అందులో ఉన్నదేమిటి, గ్రంథానికీ విషయానికీ పొత్తేమిటి, చివరికి ఒరిగేదేమిటి అన్న నాలుగు ప్రశ్నలను తేల్చి గాని ముందుకు సాగవు. అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే ఈ నాలుగింటికీ అనుబంధ చతుష్టయమని పేరు. సెలవు రోజుల్లో లఘుచిత్రాలు తీసే ఔత్సాహికుడు ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేరును ఎంచుకోవాలన్న సమస్య వేదాంతం కంటె ఎక్కువ నిద్రలేని రాత్రులకు కారణమవుతున్నా, దానికి ఇంతవరకు ఇటువంటి శాస్త్రమర్యాద దక్కలేదు కనుక, ఆ లోటు తీర్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటిది అధికారి నిర్ణయం. వారంలో ఐదు రోజులు ఉద్యోగం చేసి, మిగిలిన రెండు రోజులు దర్శకుడిగా బతికేవాడు ఇక్కడ అధికారి. అతని కథ సగంలో ఉంటుంది, పోస్టరు మాత్రం పూర్తయి ఉంటుంది, కథానాయకుడిగా నటించడానికి బావమరిది ఒప్పుకొని ఉంటాడు, ఒక్క షాటు కూడా తీయకముందే ఎందులో ఎడిట్ చేయాలన్న విచారం మొదలై ఉంటుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను పుట్టించినవారు వీడియో ఎడిటింగును ఎరుగకపోయినా, ఈ దశను మాత్రం సమగ్రంగా ఎరిగినవారే. అధికారి నాలుగు సాఫ్ట్‌వేర్లను దించుకొని, ప్రతిదానిలోనూ తన పేరును బంగారు అక్షరాల్లో తిప్పి చూసుకొని, పోలికల వీడియోలు చూస్తూ నెలలు గడిపిన తరువాత, ఒక ఆదివారం ఎట్టకేలకు సగం సన్నివేశం తీస్తాడు. మిగిలిన సగం తీసేలోగా బావమరిది ఎవరిదో పెళ్లికని గడ్డం తీయించుకుంటాడు. గడ్డంతో తలుపు తెరిచి, నున్నటి మొహంతో గడప దాటే కథానాయకుణ్ణి నమ్మకంగా అతికించగల సాఫ్ట్‌వేరు ఔత్సాహికుడి బడ్జెట్టులో ఏదీ లేదు.

రెండవది విషయం. ఎడిటింగ్, అంటే తెలుగు సినిమా పేర్లలో కూర్పు అని వేసే పని, ఫిల్ము కాలంలో అక్షరాలా కత్తిరించి అతికించడమే. ఇవాన్ సెరూరియర్ 1917లో ఇళ్లలో సినిమాలు చూసుకునేందుకని మోవియోలా అనే యంత్రాన్ని తలపెట్టగా, ధర విని గృహస్థులు దూరంగానే ఉండిపోయారు. 1924లో దాన్నే ఎడిటర్లకు పనికివచ్చేలా మార్చాక అది హాలీవుడ్ కూర్పు గదుల్లో దశాబ్దాలపాటు కాపురం చేసింది. ఇంటివారి కోసం చేసినది వృత్తివారికీ, వృత్తివారి కోసం చేసినది ఇంటివారికీ చేరడం ఈ రంగంలో అప్పటి నుంచీ ఆచారంగా వస్తోంది.

1989లో వచ్చిన ఎవిడ్ వంటి వ్యవస్థలు నాన్‌లీనియర్ ఎడిటింగును, అంటే మూల దృశ్యాన్ని ముట్టకుండా ఏ షాటునైనా ఎక్కడికైనా జరపగల పద్ధతిని, కంప్యూటరు మీద నిలబెట్టాయి. 1991లో అడోబీ ప్రీమియర్, 1999లో ఆపిల్ ఫైనల్ కట్ ప్రో వెలువడ్డాయి. విడుదల రోజున థియేటరు ముందు ఇద్దరు హీరోల అభిమానులు కలియబడినట్టు ఈ రెండింటి తరఫున వాదులాడుకునేవారు గమనించని సంగతి ఒకటుంది: తొలి ప్రీమియర్‌ను రాసినవాడూ, తరువాత ఫైనల్ కట్‌గా రూపుదిద్దుకున్న పనిని నడిపినవాడూ ర్యాండీ యుబిలోస్ అనే ఒక్క మనిషే. కాబట్టి ఇది దాయాదుల పోరు కూడా కాదు, ఒకే తండ్రి బిడ్డలు పెరటి గోడ కోసం పెట్టుకున్న తగవు.

ఇక లక్షణ నిరూపణ. ప్రీమియర్ 2013 నుంచి చందా మార్గం పట్టింది గనుక అది అద్దె ఇల్లు; అందులో సౌకర్యాలన్నీ ఉంటాయి గాని, అద్దె ఆగిన నెల తలుపు తెరుచుకోదు, సగం అతికిన సినిమా లోపలే ఉండిపోతుంది. ఫైనల్ కట్ ఆపిల్ యంత్రాల మీద తప్ప నడవదు గనుక, దాన్ని చూసి ముచ్చటపడి మ్యాక్ కొనడం నాడా దొరికిందని గుర్రాన్ని కొనడమే. డావిన్చీ రిజాల్వ్ ఒకప్పుడు పెద్ద స్టూడియోలు మాత్రమే భరించగల రంగుల దిద్దుబాటు వ్యవస్థ. 2009లో దాన్ని బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ కొని, కొంతకాలానికి ఒక రూపాన్ని ఉచితంగా వదిలింది. ఆ ఉచిత రూపం అల్ట్రా హెచ్‌డీ వరకు వాటర్‌మార్కు, అంటే తెర మూలన కంపెనీ కొట్టే ముద్ర, లేకుండానే సినిమాను బయటికి పంపుతుంది గనుక ఔత్సాహికుడికి అది ఊహించని వరం. అయితే చిన్న కోత కోసం దాన్ని తెరిచినవాడికి రోలురోకలి అడిగితే రైసుమిల్లు తాళాలు చేతిలో పెట్టినట్టు ఉంటుంది. కేడెన్‌లైవ్, షాట్‌కట్ అనేవి మూల కోడును బహిరంగంగా ఉంచి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. రెండింటికీ అడుగున ఉన్న ఇంజను ఎంఎల్‌టీ ఒక్కటే గనుక, వంటశాల ఒకటే, విస్తళ్లు వేరు.

ఫోన్ యాప్‌ల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. 2020 జూన్‌లో భారత ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించినప్పుడు అందరూ టిక్‌టాక్ కోసం విచారించారు గాని, అదే జాబితాలో ఉన్న వీవావీడియో మీద ఎడిటింగ్ నేర్చుకున్నవారికి తెల్లారేసరికి బడి ఉన్న చోట ఖాళీ స్థలం కనిపించింది. క్రాక్ వెర్షన్, అంటే తాళం పగలగొట్టి ఊరికే పంచిపెట్టే దొంగ ప్రతి, మరొక అపాయం. చట్ట విరుద్ధం కావడం అటుంచి, దానితోపాటు వైరస్ కూడా కంప్యూటరులో అడుగుపెట్టే అవకాశముంది. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతలో ఓడు అంటే పగిలినదనే అర్థం గనుక, క్రాక్ వెర్షన్ వాడేవాడికి ఒక్కడికే ఆ మాట అనే హక్కు నిజంగా ఉంది.

మూడవది సంబంధం, అంటే సాఫ్ట్‌వేరుకూ అది నడవవలసిన కంప్యూటరుకూ ఉన్న పొత్తు. విడాకులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఎంపీ4 అనేది డబ్బా మాత్రమే, లోపలి సరుకును మడతపెట్టే పద్ధతిని కోడెక్ అంటారు. ఫోన్లలో విరివిగా కనిపించే హెచ్.264 అనే కోడెక్ అప్పుడప్పుడు మాత్రమే పూర్తి బొమ్మను దాచి, మధ్యలో జరిగిన మార్పులను మాత్రం రాసుకుంటుంది. అందువల్ల చూడటానికి సుఖంగా ఉన్న వీడియోను నడిమధ్యలో కోయబోతే, కంప్యూటరు వెనక్కి వెళ్లి పూర్తి బొమ్మను వెదికి, అక్కడి నుంచి లెక్క కట్టుకుంటూ రావలసి ఉంటుంది. దీనికి విరుగుడు ప్రాక్సీ, అంటే అదే దృశ్యానికి తయారుచేసుకునే తేలికపాటి నకలు. తెలుగు ప్రేక్షకుడికి దీన్ని వివరించడం సులువు: మేడ మీది నుంచి దూకేది డూపు, క్లోజప్‌లో చొక్కా దులుపుకొనేది హీరో, అలాగే కోతలన్నీ ప్రాక్సీ మీద జరిగి, చివరి ఎగుమతి వేళకు అసలు వీడియో వచ్చి నిలబడుతుంది.

చాలా ఫోన్లు వెలుతురును బట్టి సెకనుకు తీసే బొమ్మల సంఖ్యను మార్చుకుంటూ పోవడం వల్ల, కొన్ని సాఫ్ట్‌వేర్లలో పెదవులు ఒక దారిన, మాటలు మరొక దారిన పోయి, తెలుగులోనే తీసిన సినిమా పరభాషా డబ్బింగులా తయారవుతుంది. హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత ఉపకరణంతో ముందుగా ఆ సంఖ్యను స్థిరపరిస్తే ఈ అపఖ్యాతి తప్పుతుంది. ఐఫోన్‌లో సెకనుకు 30 బొమ్మల చొప్పున 4కే తీస్తే, పొదుపైన కోడెక్‌లో కూడా నిమిషానికి సుమారు 170 ఎంబీ పడుతుంది. గంట సరుకు 10 జీబీ దాటుతుంది గనుక, సాఫ్ట్‌వేరు కంటె ముందు హార్డ్‌డిస్కు కొనవలసిన వస్తువు.

పోలికల వీడియోలు చెప్పని పరీక్ష మరొకటుంది, అది తెలుగు లిపి. గుణింతాలనూ వత్తులనూ సరిగ్గా కూర్చలేని సాఫ్ట్‌వేరులో దర్శకత్వం అని రాస్తే దర్‌శకత్‌వం అని పొల్లులతో విడివడి, ఆ పదవి మీద ఉన్న గౌరవం అక్కడికక్కడే చెదిరిపోతుంది. ప్రీమియర్‌లో కూడా చాలాకాలం అమరికల్లోకి వెళ్లి దక్షిణాసియా లిపులకు సంబంధించిన ఎంపికను నొక్కితే గాని వత్తులు కుదురుగా కూర్చునేవి కావు. కాబట్టి ఏ సాఫ్ట్‌వేరునైనా దించుకున్న వెంటనే అందులో స్త్రీ, దర్శకత్వం, కృతజ్ఞతలు అనే మూడు మాటలు రాసి చూడటం ఉత్తమమైన నిశ్చితార్థం.

నాలుగవది ప్రయోజనం. ఔత్సాహికుల్లో ఎక్కువమందికి సాఫ్ట్‌వేరు గొప్పతనమంటే ట్రాన్సిషన్లు, అంటే ఒక షాటు నుంచి మరొక షాటులోకి మారే హంగులు. జీలకర్ర బెల్లం ఘట్టం గులాబీ పువ్వులోంచి విచ్చుకొని, తలంబ్రాల ఘట్టం హృదయాకారంలోకి ముడుచుకునే పెళ్లి వీడియోలు చూసి పెరిగిన జాతికి ఈ మోజు సహజమే. అయితే సినిమాలోని అతుకుల్లో అత్యధిక భాగం ఏ హంగూ లేని సాదా కట్‌లే, సాదా కట్ చేయలేని ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు అంటూ లేదు. నూరేళ్ల క్రితం రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఒకే నటుడి నిర్వికార ముఖాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, మరొకసారి శవపేటిక పక్కన అతికించగా, ప్రేక్షకులు ఆ ముఖంలో ఒకచోట ఆకలినీ మరొకచోట దుఃఖాన్నీ చూశారని ప్రసిద్ధి. ఆ పనికి ఆయనకు ర్యామ్ అవసరం కాలేదు. 2019లో వచ్చిన కొరియా చిత్రం పారసైట్‌ను ఎడిట్ చేసినది ఫైనల్ కట్ ప్రో 7లో. దాని అమ్మకాన్ని ఆపిల్ 2011లోనే ఆపేసింది. ఆ పాత సరుకుతో అతికిన సినిమా 2020లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకుంటున్న సమయానికి, వచ్చే వెర్షన్ విడుదలయ్యాక మొదలుపెడదామని ఎదురుచూస్తున్న ఔత్సాహికులు ఎంతమందో ఊహించుకోవచ్చు.

సిద్ధాంతం ఇది. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాడు షాట్‌కట్‌నో కేడెన్‌లైవ్‌నో ప్రాక్సీలతో నడుపుకోవచ్చు. 16 జీబీ ర్యామ్, ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాడికి ఉచిత రిజాల్వ్ చాలు. మ్యాక్ ఉన్నవాడు ముందు అందులో ఊరికే దొరికే ఐమూవీని తెరవడం మంచిది. ప్రీమియర్‌కు ఇప్పటికే చందా కడుతున్నవాడు ఇల్లు మారనక్కరలేదు. ఏదైనా సరే, ఒక నిమిషం వీడియోను అందులోకి తెచ్చి, కోసి, శబ్దం అమర్చి, తెలుగులో పేరు వేసి, బయటికి తీయగలిగితే అన్వేషణ అక్కడ ముగిసినట్టే; అది ఒక్క ఆదివారం పని. ఫిల్ము రీళ్ల కాలం నాటి ఎడిటర్ల నుంచి బాహుబలిని కూర్చిన కోటగిరి వెంకటేశ్వరరావు వరకు ఎవరి సినిమా చూసినా, తెర మీద కూర్పు అన్న మాట పక్కన పడేది మనిషి పేరే. ఏ సాఫ్ట్‌వేరులో కూర్చారని టికెట్టు కొన్నవాడు ఎవడూ అడగడు.