ఒకప్పుడు నాకూ పార్టీ ఉండేది

నేను ఇనుప బ్యాలెట్ పెట్టెను. ఊరు సనత్‌నగర్, ఇంటిపేరు ఆల్విన్. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీయే దేశపు తొలి సాధారణ ఎన్నికలకు మమ్మల్నీ చేసింది. కంపెనీ పోయింది. మియాపూర్ పక్కన దాని పేరుతో ఒక కాలనీ, గోడౌన్లలో మాలాంటి పాత సరుకు మిగిలాయి.

ఆ తొలి ఎన్నికల్లో నాకు పార్టీ ఉండేది. అప్పట్లో అభ్యర్థికో పెట్టె. నా ఒంటిమీద కాంగ్రెస్ వారి జోడెద్దుల బొమ్మ అంటించి, మిగతా పెట్టెల పక్కన తెర వెనక కూర్చోబెట్టారు. ఓటరు ఒక్కడే లోపలికొచ్చి, ఏ ముద్రా లేని చీటీని నచ్చిన పెట్టెలో వేసి పోవాలి. నా పార్టీ ఊరందరికీ తెలుసు, అతని ఓటు మాత్రం తెరకే తెలుసు. దేశంలో కొన్నిచోట్ల చీటీతో పాటు పూలు, చిల్లర కూడా మా వాళ్లలో పడ్డాయి. హుండీ అనుకున్నారో, హుండీ కంటే నమ్మకం కుదిరిందో! తర్వాత చీటీ మీదే గుర్తులచ్చేసి ముద్ర వేయించే పద్ధతి రావడంతో నా పార్టీ పోయింది. ఈవీఎంలు వచ్చాక పనీ పోయింది. పంచాయతీ ఎన్నికలప్పుడు మాత్రం దుమ్ము దులిపి బయటికి తీసేవారు.

2020లో మళ్లీ పిలుపొచ్చింది. 2016లో ఈవీఎంలతో జరిగిన జీహెచ్ఎంసీ ఎన్నికలు, కరోనా వల్లా, ఎక్కువ పార్టీలు కాగితమే కావాలనడం వల్లా బ్యాలెట్‌కు మారాయి. డిసెంబర్ 1న మియాపూర్‌లో ఒక బడి గదిలో బల్లెక్కాను. పొద్దుటి నుంచీ పోలింగ్ మేడమ్‌ది ఒకటే పాట: “ముందు నిలువుగా మడవండి, తర్వాత అడ్డంగా.” అభ్యర్థుల పేర్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి కదా. ముందే అడ్డంగా మడిస్తే స్వస్తిక్ ముద్ర తడి ఇంకో గుర్తుకు అంటుకుంటుంది. అప్పుడు ఓటెవరికో లెక్కపెట్టేవాళ్లు తల పట్టుకోవాలి.

మధ్యాహ్నం క్యూ లేదు. నగరం మొత్తమ్మీద పడిందే 46 శాతం పైచిలుకు. ఆ ఖాళీలో ఓ పెద్దాయన, వేలి సిరా ఆరబెట్టుకుంటూ, ఏజెంటు కుర్రాడితో మాట కలిపాడు.

“మా అమ్మాయి మేరీలాండ్‌లో ఉంటుంది బాబూ. అక్కడ ఓటు రాయించుకోవడానికి వెళ్తే ఏ పార్టీ అని అడుగుతారు.”

“గవర్నమెంటోళ్లే అడుగుతరా అంకుల్? రాసిస్తే రేపు గొడవ కాదా?”

“సార్, బూత్‌లో పార్టీల మాటలొద్దు,” అంది మేడమ్.

“అమెరికా పార్టీలే తల్లీ!”

ఆయన చెప్పింది నాకు బాగా అర్థమైంది, ఎంతైనా పార్టీ ముద్ర మోసిన దాన్ని. అక్కడ దాదాపు 30 రాష్ట్రాల్లో ఓటరు జాబితాలో పేరు పక్కన పార్టీ ఉంటుంది. చందా లేదు, కండువా లేదు. ఏ పార్టీకీ చెందనని కూడా రాయించుకోవచ్చు. కానీ మేరీలాండ్‌లో డెమోక్రాట్ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో డెమోక్రాట్‌గా నమోదైనవారే ఓటేయాలి. నవంబర్ అసలు ఎన్నికలో ఎవరికైనా వేసుకోవచ్చు, ఎవరికీ చెప్పక్కర్లేదు. పక్కనే వర్జీనియాలో పార్టీ నమోదే లేదు. ప్రైమరీ రోజున ఏ పార్టీ చీటీ కావాలో అడిగి తీసుకుంటారు. ఏ చీటీ అడిగారన్నది నమోదవుతుంది, దాని మీద ఎవరికి వేశారన్నది కాదు. ఒకప్పుడు వాళ్లకు ఆ చాటు కూడా లేదు. పార్టీలే రంగురంగుల చీటీలు అచ్చేసి పంచితే, చేతిలోని రంగే ఓటును బయటపెట్టేది. సర్కారే అచ్చేసే రహస్య బ్యాలెట్ 1888లో మసాచుసెట్స్‌తో మొదలై మిగతా రాష్ట్రాలకు పాకింది.

ప్రైమరీ సంగతికొస్తే, హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2018లో మేరీలాండ్ నుంచి ప్రతినిధుల సభ సీటుకు డెమోక్రాటిక్ ప్రైమరీలో దిగి ఓడిపోయారు. గెలిచిన డేవిడ్ ట్రోన్ సొంత డబ్బు భారీగా కుమ్మరించిన వ్యాపారి. కనుక ప్రైమరీ అంటే గంగాజలమని నేననను. కానీ ఆమెను కాదన్నది ఓటర్లు. 2022లో గవర్నర్ అభ్యర్థి వెస్ మూర్ జోడీగా రాష్ట్ర ఓటర్లను ఒప్పించి, ఆమె లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు.

మన దగ్గర అభ్యర్థిని తేల్చే పని పార్టీ ఇచ్చే బి-ఫారం చేస్తుంది. 2020లో నామినేషన్లకు ఇచ్చిందే 3 రోజులు. ఎవరి పేరు ఎందుకు వచ్చిందో, ఎవరిది ఎందుకు పోయిందో కార్యకర్తలకే తెలియదు, ఓటరు సంగతి సరేసరి. నా దగ్గరకొచ్చే చీటీ మీద పేర్లు అప్పటికే అచ్చయి ఉంటాయి.

ఇంకో మాట. లెక్కింపులో నా చీటీలను మిగతా పెట్టెల చీటీలతో కలిపేశారు. ఏ బూత్ ఎటు మొగ్గిందో ఎవరికీ చిక్కదు. ఈవీఎంలో బూత్‌వారీ అంకెలు తేలిపోతాయి. ఏ అపార్ట్‌మెంట్ తనకు వేయలేదో నాయకుడు వేలెట్టి చూపగలడు. ఓట్లన్నీ కలిపి లెక్కించే టోటలైజర్ యంత్రం కావాలని ఎన్నికల సంఘం అడిగినా అమలు కాలేదు.

మియాపూర్ ఓటర్లకు నా విన్నపం ఒక్కటే: మీ పార్టీవాళ్లు ఓటడగడానికి వచ్చినప్పుడు, ఈ అభ్యర్థిని ఎంచింది ఎవరు, ఎలా అని అడగండి. బి-ఫారం ఇవ్వకముందే అడిగితే మరీ మంచిది.