నాలుగు మిల్లీమీటర్ల మనవి

ప్రపంచంలోని సైకిళ్ళన్నిటికీ బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు కూర్చునే చోటు, పొట్టిగా బీబీ) కొలతలు నిర్ణయించే మహారాజశ్రీ పెద్దల దివ్యసముఖానికి,

విజయనగరం గంటస్తంభం దగ్గర కాపురముంటున్న ఒక సైకిలువాడు నమస్కరించి రాయు లేఖార్థములు. ఉభయకుశలోపరి. ఇక్కడ సైకిలు తప్ప మేమందరం క్షేమం.

నిన్న మధ్యాహ్నం పార్సిల్ వచ్చింది. పన్నెండు రోజులు ఎదురుచూసిన అడాప్టర్. కత్తెర వెతికే ఓపిక లేక టేపు పళ్ళతో కొరికి తీశాను. ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని బీబీ కన్నానికి ఆనించాను. దిగలేదు. తిప్పి ఆనించాను. దిగలేదు. స్కేలు పెట్టి చూస్తే కన్నం 42 మిల్లీమీటర్లు, అడాప్టర్ 46. పెట్టె మీద మాత్రం ‘30 రకం ఫ్రేములకు సరిపోవును’ అని ఇంత లావు అక్షరాలు. అమ్మినవాడు అబద్ధమాడాడని కూడా అనలేను. బీబీ30 అని ఒకదానికి, పీఎఫ్30 అని ఇంకోదానికి పేరు పెట్టింది తమరే కదా! రెండింట్లోనూ ఇరుసు లావు 30. కన్నం మాత్రం ఒకదానికి 42, రెండోదానికి 46. మా వైపు ఒకే ఇంట్లో ఇద్దరు అప్పన్నలుంటే ఒకణ్ణి పెద అప్పన్న, రెండోవాణ్ణి చిన అప్పన్న అంటాం. ఆపాటి బుద్ధి తమకి ఎందుకు పుట్టలేదో!

నా తప్పేమిటంటే, బెంగళూరులో ఉన్న మా బావమరిది వాడి పాత అల్యూమినియం ఫ్రేము ఇస్తానంటే కాదనలేకపోయాను. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరుండే ఒక మిత్రుడు షిమానో క్రాంకు సగం ధరకిస్తానంటే అదీ కాదనలేకపోయాను. ఫ్రేము 30 ఇరుసు అడుగుతుంది. క్రాంకుకి ఉన్నది 24. మధ్యలో చెరోవైపు మూడు మిల్లీమీటర్ల గాలి. ఆ గాలికి 3,200 రూపాయలు పోశాను. ఇప్పుడది ఈ నాలుగు మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. పెట్టె చింపాను కాబట్టి వాపసు లేదట.

బేరింగుల షాపుకి వెళ్ళాను. 6806 కావాలంటే ఆయన తలెత్తకుండానే తీసి బల్ల మీద పెట్టాడు: లోపల 30, బయట 42, మందం 7. అందులో 24 లోపలి కన్నంతో కావాలన్నాను. అప్పుడు తలెత్తాడు. “6805 అయితే పాతిక బావూ. ఇరవై నాలుగు నేదు. ఎవలు సెప్పేరు మీకు?” తమరే చెప్పారని చెప్పలేకపోయాను. పాతిక పెట్టి ఉంటే మీ సొమ్మేం పోయేది? ఏ మోటారు బేరింగో తెచ్చి వేసుకునేవాళ్ళం కదా!

ఇది చాలదన్నట్టు 2018లో డబ్ అని ఇంకొక ఇరుసు తెచ్చారు. దాని లావు 28.99. అయ్యా, ఇది కొలతా, బాటా చెప్పుల ధరా?

మర్యాద తప్పుతున్నానేమో. తప్పనివ్వండి. మా నాన్నగారి నల్ల సైకిలుకి బీబీ అరిగితే చీపురుపల్లిలోనో, గరివిడిలోనో, దారిలో ఏ చెట్టు కిందో మేస్త్రీ ఉండేవాడు. రెండు కప్పులు, ఒక ఇరుసు, గుప్పెడు గోళీలు, కాసింత గ్రీజు. కాటర్ పిన్ను కదలకపోతే సుత్తి. నాలుగు కిలోమీటర్లకోసారి ఆ పిన్ను వదులయ్యేది, ఆ క్రాంకు ఒక పక్కకి కుంటేది, దాన్ని పొగడమని నన్నెవరూ అడగొద్దు. కానీ పిన్ను దొరికేది! హీరోదా, అట్లాసుదా అని అడిగినవాడు లేడు. ఆ అట్లాస్ ఆఖరి ఫ్యాక్టరీ సాహిబాబాద్‌లో 2020 జూన్ 3న మూతపడింది. అది ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఆ రోజు తమరు ఏ కొత్త కన్నం గురించి ఆలోచిస్తున్నారో!

తుపాకులు చేసిన బర్మింగ్‌హామ్ కంపెనీ పేరు మీద బీబీకి ఒక మర ఉంది. అంగుళానికి 24 చుట్లు, చైను పక్కన ఎదురు మర. నూరేళ్ళు దాటినా ఇప్పటికీ దొరుకుతుంది. ఇటలీవాడికి అది నచ్చలేదు, రెండు పక్కలా కుడి మరే పెట్టుకున్నాడు. సరే, ఎవరిష్టం వాళ్ళది. తమరు అసలు మరలే పీకేసి బేరింగుని నొక్కి దింపమన్నారు. బరువు తగ్గిందన్నారు. మాకు మాత్రం తొక్కినప్పుడల్లా కిర్రు, కిర్రు. జనం గోల పెడితే 2015లో టీ47 అని మళ్ళీ మరలే తెచ్చారు, ఇంకా పెద్ద కన్నంతో! ఇంత తిరుగుడు ఎందుకండీ?

 

ఇప్పుడు నా ముందున్న దారులు చూడండి. ఒకటి, గమ్ముతో అంటించే మరల గొట్టం. లోపలికి పోతే ఇక బయటికి రాదు, ఫ్రేముకి జీవితాంతం అదే. రెండోది, ఆ 6806 బేరింగుల్లోనే 30ని 24 చేసే బుష్షులు. కానీ నా క్రాంకు బయట కప్పులుంటాయనుకుని చేసింది, ఫ్రేము వెడల్పు 68 మాత్రమే. బుష్షుకి రెండు పక్కలా మెడ కావాలి, లేకపోతే క్రాంకు అటూ ఇటూ ఊగుతుంది. మూడోది, రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి మరతో బిగుసుకునేది. అన్నిట్లోకీ అదే మంచిదని నా మనసు. 42కి అది కావాలంటే మా పిన్‌కోడుకి రాదట. ఇప్పుడొచ్చిన ఈ 46 మాత్రం ఎంచక్కా వచ్చింది!

లేతు పనిచేసే మేస్త్రీ దగ్గరికి పోతే క్రాంకు ఇరుసుని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. “సాంపిలుందా బావూ? సాంపిలిత్తే గంటలో తిప్పీసి ఇచ్చీనా?” సాంపిల్ ఉంటే నేనే బిగించుకునేవాణ్ణి కదా నాయనా!

మా పైడితల్లమ్మ పండక్కి ఏటేటా కొత్త సిరిమాను, కొత్త ఇరుసుమాను తెస్తారు. ఏ ఏడాది చెట్టు లావు ఆ ఏడాదిది. వడ్రంగులు ఉలితో చెక్కి ఒకదాన్లో ఒకటి కూరుస్తారు. ఆ సిరిమాను కొసన పూజారిని కూర్చోబెట్టి కోటకీ గుడికీ మధ్య మూడుసార్లు తిప్పుతారు. కిర్రుమన్నదని ఎవరూ అనగా వినలేదు. ఆ వడ్రంగుల్లో ఒకర్ని మీ కమిటీలో వేసుకోండి.

పోనీ అదీ వద్దు. ఇంకేమీ అడగను. పెట్టె మీద ‘42’ అనో ‘46’ అనో ఒక్క అంకె వేయించండి, చాలు. ఇప్పటికే పొద్దున్న రామతీర్థం దాకా పోయి రావడం మానేసి నెలన్నర అయింది. ఫ్రేము మంచం కింద ఉంది. తుడిచినప్పుడల్లా మా ఆవిడ చీపురు దానికి తగిలి ఠంగుమంటుంది. ఆవిడ ఏమీ అనదు. అదే భయంగా ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు,
42 మి.మీ. కన్నం గలవాడు

తా.క. 46 కన్నం ఉన్నవారెవరైనా పార్వతీపురం నుంచి ఇచ్ఛాపురం దాకా ఈ చుట్టుపక్కల ఉంటే చెప్పండి. పెట్టె చింపాను గానీ బిగించలేదు. ధర దగ్గర పేచీ ఉండదు.