చెడ్డకాలంలో పుట్టిన చిన్న పుస్తకాన్ని

నేను పుస్తకం కాకముందు నారబట్టను. ఎవరెవరో తొడుక్కుని, ఉతుక్కుని, చిరిగాక పారేసిన నార చొక్కాలనూ దుప్పట్లనూ పోగుచేశారు. నానబెట్టి, నీటి చక్రంతో ఆడే రోకళ్ల కింద దంచారు. ఆ గుజ్జును తీగల చట్రంలో వడగట్టి ఆరబెడితే కాగితమయ్యాను. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో అచ్చుకు వాడే తెల్ల కాగితం ఎక్కువగా ఫ్రాన్స్ నుంచి ఓడల మీద వచ్చేది. ఆ చొక్కాలు తొడుక్కున్నవాళ్లది ఏ మతమో, ఏ పక్షమో గుజ్జు తొట్టి అడగలేదు. అందరూ నాలో కలిసిపోయారు.

పుస్తకంగా నేను పుట్టింది 1645లో, ఇంగ్లండ్ నైరుతి మూలనున్న ఎక్సెటర్ నగరంలో. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, తలకిందులుగా పేర్చారు. అవిసె నూనెలో మసి కలిపిన సిరాను తోలు బంతులతో అద్దారు. పైన తడి కాగితం పరిచి మరను బిగించారు. నా రచయిత నన్ను ఎక్సెటర్ అచ్చుకూటపు తొలిపంట అని చెప్పుకున్నారు. జేబులో పట్టేంత చిన్నదాన్ని. నా పేరు ‘గుడ్ థాట్స్ ఇన్ బ్యాడ్ టైమ్స్’. చెడ్డకాలంలో మంచి ఆలోచనలు అని అర్థం.

ఆ కాలం ఎంత చెడ్డదో చెప్పాలి. పన్నుల మీద, మతం మీద, అధికారం ఎవరిదన్న దాని మీద మొదటి చార్లెస్ రాజుకూ పార్లమెంటుకూ మొదలైన తగవు 1642 ఆగస్టు నాటికి యుద్ధమైంది. అన్న ఒక సైన్యంలో, తమ్ముడు మరో సైన్యంలో ఉన్న ఇళ్లున్నాయి. నేను పుట్టిన ఏడాది జనవరిలోనే కాంటర్‌బరీ ఆర్చిబిషప్ విలియం లాడ్ తల నరికారు. తరతరాలుగా గుడిలో చదువుకుంటున్న ప్రార్థనల పుస్తకాన్ని పార్లమెంటు నిషేధించింది. రాజు పక్షమనో, పాత పద్ధతి వదలరనో రెండు వేలకు పైగా పాదిరులను ఆ ఏళ్లలో గుళ్ల నుంచి వెళ్లగొట్టారు. వాళ్లలో చాలామందికి మిగిలింది కలమొక్కటే.

నన్ను రాసిన థామస్ ఫుల్లర్ అలాంటి పాదిరి. 1608లో నార్తాంప్టన్‌షైర్‌లో ఒక పాదిరి ఇంట పుట్టి, కేంబ్రిడ్జిలో చదువుకుని, లండన్‌లో సవాయ్ ప్రార్థనామందిరంలో ప్రసంగించేవారు. యుద్ధం మొదలైన నాలుగు నెలలకు, 1642 డిసెంబర్ 28న, ఉపవాసదినాన ఆయన వేదికెక్కి, సమాధానపరచేవారు ధన్యులన్న క్రీస్తు మాట మీద ప్రసంగించారు. శాంతికి అడ్డుపడుతున్నది దేశంలో అందరి పాపాలూ అన్నారు. ఒక పక్షాన్ని మాత్రమే వేలెత్తి చూపలేదు. మరుసటి మార్చి 27న, రాజు గద్దెనెక్కిన వార్షిక దినాన, వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో మళ్లీ మాట్లాడారు. ఆస్తంతా పోయినా ఫర్వాలేదు, రాజు క్షేమంగా ఇల్లు చేరితే చాలన్న బైబిలులోని మెఫీబోషెతు కథను ఎత్తుకున్నారు. రాజుతో పోరాడుతున్న నగరంలో రాజు క్షేమాన్ని కోరడమంటే నిప్పుతో చెలగాటమే. అక్కడ ఆయనకు నిలువ నీడ లేకుండా పోయింది.

రాజు కొలువు తీరిన ఆక్స్‌ఫర్డ్ చేరారు. అక్కడైనా గుండెకు హత్తుకున్నారా అంటే అదీ లేదు. శాంతి కావాలనేవాడు రాజభక్తుడెలా అవుతాడని కొలువులో పెదవి విరిచారు. లండన్‌లో మరీ రాజు మనిషి, ఆక్స్‌ఫర్డ్‌లో చాలీచాలని రాజు మనిషి. అడకత్తెరలో పోకచెక్కలా నలిగారాయన. పుస్తకాలూ రాతప్రతులూ పోయాయి. ఆదాయం పోయింది. అయినా రాజు మీద భక్తి పోలేదు, రాజు శత్రువుల మీద పగ రాలేదు. ఈ రెండూ ఒకే గుండెలో ఇమడగలవని నాకు తెలిసింది ఆయనను చూసే.

తర్వాత రాజపక్షపు సేనాని రాల్ఫ్ హాప్టన్ సేనలో పాదిరిగా ఊరూరా తిరిగారు. మజిలీ పడ్డ ప్రతి చోటా ఆ ఊరి పెద్దవాళ్ల దగ్గర కూర్చుని పాత సంగతులు అడిగి రాసుకునేవారు. చుట్టూ అందరూ దేశాన్ని తగలబెడుతుంటే, ఆయన దేశంలో పుట్టిన మంచివాళ్ల జాబితా రాసుకుంటున్నారు. అలా ఎక్సెటర్ చేరారు. 1644 జూన్ 16న ఆ నగరంలో రాణికి ఆడపిల్ల పుట్టింది, హెన్రియెట్టా. శత్రుసైన్యం దగ్గరపడుతుంటే రెండు వారాల పసిగుడ్డును అక్కడే వదిలి రాణి ఫ్రాన్స్‌కు పారిపోవలసి వచ్చింది. ఆ పాపకు పాదిరిగా రాజు ఫుల్లర్‌ను నియమించారు. పాపను పెంచుతున్న లేడీ డాల్కీత్‌కే నన్ను అంకితమిచ్చారు.

నా లోపల చిన్న చిన్న ఆలోచనలే. ఒక్కొక్కటి ఒక పుట, మహా అయితే రెండు. తీరికలేని కాలంలో, భయం మధ్య చదవడానికి అంతకంటే పొడుగు కుదరదని ఆయనకు తెలుసు. మత్తయి సువార్త వంశావళిలోని ఐదు పేర్ల మీద ఒక ఆలోచన ఉంది. చెడ్డ రెహబాముకు చెడ్డ అబీయా పుట్టాడు. చెడ్డ అబీయాకు మంచి ఆసా పుట్టాడు. మంచి ఆసాకు మంచి యెహోషాపాతు, మంచి యెహోషాపాతుకు చెడ్డ యెహోరాము. తండ్రి భక్తి కొడుక్కి ఆస్తిలా రాసిచ్చేది కాదు, ఇది నాకు దుర్వార్త అనుకుంటారు ఫుల్లర్. తండ్రి పాపమూ తప్పనిసరిగా సంక్రమించదు, ఇది నా బిడ్డకు శుభవార్త అని ఊరట పొందుతారు. ఏ జెండా కింద పుట్టావన్నదాన్ని బట్టి మనిషిని తూచే రోజుల్లో రాసిన మాటలివి.

నన్ను కొన్నది ఉన్నిబట్టల వర్తకుడి భార్య. ఆమె కొడుకు రాజు కాల్బలంలో ఉన్నాడు. తోడబుట్టినవాడు లండన్‌లో పార్లమెంటు వైపు. తెల్లవారకముందే లేచి, గొర్రెకొవ్వు వత్తి వెలిగించి, వరస కింద వేలు పెట్టి రోజుకో ఆలోచన చదివేది. ముందు కొడుకు కోసం ప్రార్థించేది. తర్వాత కాసేపు ఆగేది. ఆ ఆగడంలో ఎంత పెనుగులాట ఉండేదో నన్ను పట్టుకున్న వేళ్ల బిగువు చెప్పేది. అప్పుడు తమ్ముడి పేరు పలికేది.

ఎక్సెటర్ చుట్టూ పార్లమెంటు సేన ముట్టడి బిగిసింది. సముద్రం వైపు దక్షిణ దిక్కు తప్ప అన్ని దారులూ మూసుకుపోయాయి. అప్పుడు ఆ తెరిచిన దిక్కున లార్క్ పిట్టలు లెక్కలేనన్ని వచ్చి వాలాయి. డజను రెండు పెన్నీలు, అంతకన్నా తక్కువకు కూడా అమ్మారు. ఉన్నవాళ్లకు అంతకన్నా మంచి మాంసం లేదు, లేనివాళ్లకు అంతకన్నా చౌక మాంసం లేదు. పేదలు వాటిని జావలో ఉడికించుకుని తాగారు. తాను కళ్లారా చూశానని, నోరారా తిన్నానని ఫుల్లర్ తర్వాత రాసుకున్నారు. ఆకలిని తలచుకోవలసిన చోట ఆయన అందిన అన్నాన్ని తలచుకున్నారు. అది ఆయన భక్తి.

1646 ఏప్రిల్‌లో నగరం పార్లమెంటు సేనాని ఫెయిర్‌ఫాక్స్ సైన్యానికి లొంగిపోయింది. ఫుల్లర్ లండన్ చేరారు. మరుసటి ఏడు నాకు తమ్ముడు పుట్టాడు, ‘గుడ్ థాట్స్ ఇన్ వర్స్ టైమ్స్’. మరీ చెడ్డకాలం అన్నమాట. అదే ఏడాది జెరెమీ టేలర్ అనే మరో రాజపక్షపు పాదిరి, వేల్స్‌లోని గోల్డెన్ గ్రోవ్‌లో తలదాచుకుంటూ, మతం విషయంలో మనిషిని మనిషి హింసించకూడదని పుస్తకం వెలువరించారు. ఓడినవాళ్లు పగ సాధించే పుస్తకాలు రాస్తారని లోకం అనుకుంటుంది. వీళ్లు ఓర్పు నేర్పే పుస్తకాలు రాశారు.

1649 జనవరి 30న రాజు తల తెగింది. ఆ వార్త అందిన రోజు మా ఇంట పొయ్యి వెలగలేదు. పదకొండేళ్లకు, 1660లో, ఆయన కొడుకు రెండో చార్లెస్ తిరిగి వచ్చాక నాకు చివరి తమ్ముడు పుట్టాడు. వాడి పేరులో కాలం మంచిదైంది, ‘మిక్స్‌ట్ కాంటెంప్లేషన్స్ ఇన్ బెటర్ టైమ్స్’. ఆ మంచికాలం ఫుల్లర్‌కు ఏడాది మాత్రమే దక్కింది. 1661 ఆగస్టులో జ్వరంతో కన్నుమూశారు. సైన్యం వెంట తిరుగుతూ పోగుచేసిన దేశంలోని మంచివాళ్ల చరిత్ర ఆయన పోయిన మరుసటి ఏడు అచ్చయింది.

ఇప్పుడు నేనొక పాత గ్రంథాలయపు అలమారాలో ఉన్నాను. నా అట్ట మారింది, అంచులు పసుపెక్కాయి. ఒక పుట మాత్రం మిగతావాటికంటే బాగా నలిగింది. దాని మూల మీద కొవ్వు చుక్క మచ్చ ఉంది. ఆ పుటలో ఫుల్లర్ దేవుడి ముందు తన అసూయను ఒప్పుకుంటారు. దేవుడి పని మరొకరు తనకంటే బాగా చేస్తుంటే ఓర్వలేకపోతున్నానని తలవంచుకుంటారు. చుట్టూ ఫిరంగులు మోగుతున్న ఊళ్లో ఆ ఇల్లాలు పదేపదే తిప్పింది ఆ పుటనే.

నా మాట ఒక్కటే. మీ పక్షాన్ని మీరు ప్రేమించండి, నిలబడండి, అవసరమైతే నష్టపోండి. అవతలివాడి తప్పులు లెక్కపెట్టే ముందు మీవి ఒకసారి చదువుకోండి. మీవాళ్ల కోసం ప్రార్థించాక కాసేపు ఆగి, అవతల నిలబడ్డ మీ తోబుట్టువు పేరు కూడా పలకండి.