బాకీల మామ

అనంతపురం పక్క ఊరికొక బాకీల మామ ఉంటాడు. అప్పులిచ్చి వడ్డీలు గుంజే మనిషి అనుకునేరు. అది వేరే జాతి, వాళ్లకు జాలీ పండగా రెండూ ఉండవు. మన మామది తీర్చే జాతి. తనకు ఎవరు ఏ మేలు చేసినారో, ఏ ఏడు చేసినారో, ఆ పొద్దు ఆ మనిషి ఏ రంగు చొక్కా వేసుకుని ఉన్నాడో కూడా మనసులో పద్దు రాసి పెట్టుకుంటాడు. చెనక్కాయ పీకి, కట్టె వామికెక్కి, బుడ్డలు ఎండి సంచుల్లోకి చేరేదాకా ఓపిక పడతాడు. ఆ తర్వాత పద్దు తెరిస్తే దసరా నుంచి సంక్రాంతి దాకా ఒకటే కొట్టివేతలు. వాహనం టీవీఎస్ ఎక్సెల్. కాళ్ల దగ్గర ఒక మూట, వెనక రెండు, నడుమ మామ. దూరం నుంచి చూస్తే మూటలే బండి తోలుకుని వస్తున్నాయనిపిస్తుంది.

ఈ నేల మీద ఇలాంటి మనిషి పుట్టడంలో వింతేం లేదు. ఏడాదంతా కలిపితే 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన. నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే బరువంతా దించుకుంటుంది. ఈశాన్యపు మేఘం సముద్రం పక్కవాళ్లకు పంచి పంచి, మన దగ్గరికి వచ్చేసరికి వట్టి చేతులు చూపిస్తుంది. అందుకే ఇక్కడి రైతు బ్యాంకులో కన్నా మనుషుల దగ్గరే ఎక్కువ దాచుకుంటాడు. నీ బోరు ఎండిన ఏడు పక్క చేనోడు ఒక తడి ఇస్తాడు. వాడి ఎద్దులకు మేత లేని ఏడు నువ్వు నాలుగు మోపుల కట్టె వేస్తావు. ఇచ్చినోడు మరిచిపోతాడు, తీసుకున్నోడు పండక్కి పిలిచి రెండు ఓళిగలు పెడతాడు, అంతటితో లెక్క సరి. బాకీల మామతో చిక్కల్లా ఆయన లెక్క ఎప్పటికీ సరిపోకపోవడమే.

పోనీ, మూట దించి పోతాడా? చరిత్ర చెప్పి మరీ ఇస్తాడు. అదీ ఇంటిల్లిపాదీ వినేటట్టు.

"వదినా, మా అన్నంటే ఏమనుకుంటాండావు? 2002 కరువులో నా ఎద్దులు సంతకు తోలుకపోతాంటే దావలో అడ్డం నిలబడి అయిదొందలు చేతిలో పెట్టినాడు. ఆ పొద్దు అన్న ఇయ్యకపోయింటే నాకు సేద్యం యాడిదమ్మా!"

వదిన చేతిలో గరిటెతో బయటికి వచ్చింది. ఆమెకు తెలిసినంతలో ఆ అయిదొందలు ధర్మవరం బస్సులో జేబుదొంగ కొట్టేసినాడు. ఆ దొంగను తిట్టిన తిట్లన్నీ ఆమెకు ఇంకా కంఠతానే ఉన్నాయి, ఇన్నేళ్లకు వాటికి చిరునామా దొరికింది. మామ మాత్రం ఒక పద్దు తీరిన సంతోషంతో తర్వాతి ఇంటికి బండి తిప్పినాడు. పండగ నెలల్లో ఎక్సెల్ చప్పుడు వినగానే కొంతమంది మగవాళ్లు దొడ్డివాకిలి గుండా చేనికి పోవడానికి కారణం ఇదే. వాళ్లను పిరికివాళ్లనకండి, మంచిపనులు ఇంట్లో చెప్పకుండా చేసినవాళ్లు పాపం.

మామకు స్నేహితులు రెండు తరగతులు. కొత్తోళ్లకు గింజలు. కాయ ఒలిచి, చెరిగి, పుచ్చులేరి, కొత్త గుడ్డసంచిలో పోసి, చెప్పులు వాకిట్లో విడిచి, రెండు చేతులతో అందిస్తాడు. కాఫీ తాగమంటే "ఇప్పుడే అయింది సార్" అని అబద్ధమాడతాడు. పాతోళ్లకు ఒలవని బుడ్డలు. అంటుకున్న మన్ను కూడా దులపడు. మూట గడప లోపల పడేసి నేరుగా వంటింట్లోకి పోయి కుండ మీద మూత తీస్తాడు. "సంగటి ఉండాదా? ఊరిబిండి యాడ పెట్టినావమ్మా?"

నేను చాలా ఏళ్లు గింజల తరగతిలో ఉన్నవాణ్ని. ఆయన మనవరాలి ఆధార్‌లో పుట్టిన తేదీ సరిచేయించడానికి వెంట తిరిగిన పుణ్యం అది. ఒక దీపావళికి గుడ్డసంచి రాలేదు. దాని బదులు గోనెసంచి వచ్చింది, నిండా బుడ్డలు, బుడ్డలతోపాటు ఎర్రమన్ను. మామ "సార్" అనలేదు. లోపలికొచ్చి, మా చిత్రాన్నం నోట్లో వేసుకుని, ఉప్పు చాల్లేదన్నాడు. పోతూ పోతూ, కూతురి సారె బీరువా కొనేదాకా తన చీటీ డబ్బులు మా ఇంట్లో దాచమన్నాడు. "మనమేం తప్పు చేసినామని ఈయన ఇట్ల దిగజార్చినాడు?" అని మా ఆవిడ చిన్నబుచ్చుకుంది. నాకు ప్రమోషన్ వచ్చిందని ఆమెను నమ్మించడం ఈ రోజుకీ నా వల్ల కాలేదు. గింజలైతే సంచి అందుకుని తలుపేసుకోవచ్చు. బుడ్డలు ఒలవాలంటే చాప పరచాలి, నలుగురు కూర్చోవాలి, కూర్చున్నాక ఊళ్లోవాళ్ల సంగతులన్నీ ఒలవక తప్పదు. ఆ నలుగురిలో తానొకడుగా ఉండే ఇళ్లకే మామ బుడ్డలు దించుతాడు.

2022 ఏప్రిల్‌లో జిల్లా రెండైనప్పుడు ఈ తరగతులకు పెద్ద గండం వచ్చింది. మామ చిన్ననాటి స్నేహితుడు బత్తలపల్లివాడు, తెల్లారేసరికి శ్రీ సత్యసాయి జిల్లావాడై కూర్చున్నాడు. పక్క జిల్లా మనిషి కొత్తోడా, పాతోడా? మామ ఆలోచించి ఆలోచించి ఆ దసరాకు సగం గింజలు, సగం బుడ్డలు పట్టుకుపోయినాడు. గింజల సంచి చూసి ఆ పెద్దమనిషి ఎగిరిపడినాడు. "నన్ను పరాయోణ్ని చేస్తివి కదరా!" సంచి తిరిగొచ్చింది. బుడ్డలు ఉండిపోయినాయి.

పద్దుల్లో పొరపాట్లు జరగవని కాదు. గూగూడు కుళ్లాయిస్వామి పీర్లకు కులం మతం చూడకుండా మొక్కి, ఆ పేరే పిల్లలకు పెట్టుకునే జిల్లా ఇది. మామ ఫోన్లో కుళ్లాయప్పలకు కొదవ లేదు. ఒకసారి ఒక కుళ్లాయప్పకు పోవాల్సిన మూట ఇంకో కుళ్లాయప్ప ఇంటికి పోయింది. తాను చేసిన మేలేమిటో అతనికి ఎంతకీ గుర్తు రాలేదు. ఎందుకైనా మంచిదని ఆ వారమే తన ట్రాక్టరు తెచ్చి మామ చేను ఊరికే దున్ని పోయినాడు. దాంతో పద్దులో ఇంకొక పేరు.

మేలు చేయబోయి చేయలేకపోయినవాళ్లకు కూడా మామ దగ్గర ఖాతా ఉంది. దక్షిణాదిలో యాడ బోరు వేసినా తమిళనాడులోని తిరుచెంగోడు రిగ్గు కనిపిస్తుంది కదా, మామ చేనికీ అదే వచ్చింది. ఆరు వందల అడుగులు దింపినారు. దుమ్ము తప్ప చుక్క పడలేదు. ఇంట్లోవాళ్లు తలలు పట్టుకుంటే మామ రిగ్గు పిల్లోళ్లను వరుసగా కూర్చోబెట్టి అన్నం వడ్డించినాడు. "వాళ్లదేం తప్పప్పా? రేయంతా నిద్ర లేకుండా మనకోసం మన్ను మింగినారు." అప్పట్నుంచి సంక్రాంతికి తిరుచెంగోడు నుంచి ఫోను వస్తుంది. వాళ్లకు తెలుగు రాదు, మామకు అరవం రాదు. ఇటువైపు నుంచి "సంక్రాంతి!" అని, అటువైపు నుంచి "పొంగల్!" అని కాసేపు అరుచుకుని, ఇద్దరూ తృప్తిగా పెట్టేస్తారు.

ఇక అందరికన్నా దూరపు పద్దు స్పెయిన్‌లో ఉంది. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి మొదలుపెట్టిన ఆర్డీటీ అనే సేవాసంస్థ ద్వారా మామ మనవరాలికి ఆ బార్సిలోనాలోనే ఉండే ఒకామె స్పాన్సర్. ఫాదర్ ఫెర్రర్ 2009లో పోయినాడు, సమాధి బత్తలపల్లిలోనే. స్నేహితుడి ఊరికి పోయినప్పుడల్లా మామ అక్కడా ఒక గుప్పెడు పెట్టి వస్తాడు. బుడ్డలే, గింజలు కాదు.

ఆ స్పెయిన్ అమ్మ మాత్రం ఎన్నేళ్లయినా గింజల తరగతే. ఫోటోలో తప్ప చూసింది లేదు, పైగా పార్శిలు ఖర్చు విని గింజలు కూడా పోలేదు. మనవరాలు ఉత్తరం రాసేటప్పుడు మామ చేతులు కట్టుకుని, చదువు చెప్పిన పంతులు ముందర నిలబడినట్టు నిలబడి, రెండు మర్యాద మాటలు చెప్పిస్తాడు, అంతే.

2024 ఫిబ్రవరిలో వానల్లేక జలాశయాలు అడుగంటి బార్సిలోనాతో సహా కాటలోనియాలో కరువు ఎమర్జెన్సీ ప్రకటించినారు. మనవరాలు ఆ వార్త చదివి చెప్పింది. మామ మొహం ఒక్కసారిగా వెలిగింది, వెంటనే సిగ్గుపడి ఆర్పుకున్నాడు. "ఆయమ్మ ఊర్లో గూడా కరువేనా! మరి మనోళ్లే కదే!" అని మంచం మీద బాసీపట్టు వేసుకుని కూర్చున్నాడు. "రాయి. అమ్మా, మొగులు చూసి దిగులు పడొద్దు. మేం చూడని కరువా. తోడుకునే నీళ్లు నిదానంగా వాడుకో. బోరు మాత్రం వేయించొద్దు. మనసాగక వేయించేదుంటే ఒక మాట చెప్పు, తిరుచెంగోడోళ్లు మనకు బాగా కావాల్సినోళ్లు. మన మాట మీద అడుక్కింత తగ్గిస్తారు."