లీగే లేదు, మేం మూడో స్థానంలో ఉన్నాం

జంషెడ్‌పూర్ భుయ్యాడీహ్‌లో ఐఎస్‌ఎల్ ఫుట్‌బాల్ లీగ్ మొదలై అయిదు వారాలైంది. మిగతా దేశంలో ఇంకా మొదలుకాలేదు. అసలు మొదలవుతుందో లేదో కోర్టులూ, సమాఖ్య వాళ్లూ, టెండర్ కాగితాలూ తేల్చాలి. అవన్నీ తేలేదాకా ఆగే ఓపిక మా టీ కొట్టుకి లేదు. సాక్చీ నుంచి వచ్చే షేర్ ఆటోలు ఆగేచోట, ఉన్న రెండు బెంచీల మీదే, రోజూ సాయంత్రం ఒక మ్యాచ్ చొప్పున నోటితోనే లీగ్ నడిపించేస్తున్నాం. ఇది రాస్తున్న 2025 అక్టోబరు మూడో వారానికి జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ మూడో స్థానంలో ఉంది.

ఎలా నడుస్తుందంటారా? చాలా సులువు. ఒక బెంచీ మాది, రెండోది అవతలి జట్టుది. ఎవరి గోల్‌కి వాళ్లు వాదించుకోవాలి. వాదన నెగ్గితే గోల్. రెండు బెంచీల ఖాతాలూ టీ కొట్టాయన పుస్తకంలోనే ఉన్నాయి కాబట్టి రిఫరీ ఆయనే, ఆయన మాటకి తిరుగులేదు. పసుపు కార్డంటే ఆ పూట అరువు లేదని అర్థం. స్కోర్లు రాసేది మా బావ. ఉక్కు కంపెనీలో ముప్ఫయ్యేళ్లు చేసి రిటైరైన మనిషి, కాబట్టి రిజిస్టర్ రాయకపోతే చేతులు ఊరుకోవు. నిరుటి గోడ క్యాలెండర్ చించి, వెనకవైపు పెన్సిల్‌తో గళ్లు గీశాడు. మొన్న బెంగళూరుతో మ్యాచ్ పడింది. వాళ్ల తరఫున మాట్లాడేవాడు భుయ్యాడీహ్ మొత్తంలో ఒక్కడూ దొరక్కపోవడంతో వాకోవర్ రాసేసుకున్నాం.

అసలు లీగ్ ఎందుకు ఆగిందో బావ అందరికీ విడమరిచి చెబుతుంటాడు. వాళ్ల నాన్న టెక్కలి దగ్గర చేను వదిలి కొలిమి పనికి ఈ ఊరొచ్చాడు. అందుకని బావకి ఏ సంగతైనా వ్యవసాయంలో పెడితేగాని అర్థం కాదు. 2010లో ఫుట్‌బాల్ సమాఖ్య తన చేనుని రిలయన్స్ వాళ్లకి పదిహేనేళ్లకి కౌలుకిచ్చింది, ఏడాదికి 50 కోట్లు. కౌలు గడువు ఈ డిసెంబరు 8తో ముగుస్తుంది. సెప్టెంబరులో విత్తితే పంట ఇంటికొచ్చేది ఏప్రిల్లో. పైరు మోకాలెత్తుకి వచ్చేసరికి చేను మనది కాకుండా పోతుందని తెలిసి ఎవడైనా దుక్కి దున్నుతాడా? దున్నరు. జూలై 11న రిలయన్స్ వాళ్లు క్లబ్బులకి అదే ముక్క మర్యాదగా రాసి పంపించారు. ఈలోగా సమాఖ్య నియమావళి సంగతి సుప్రీంకోర్టులో ఏళ్ల తరబడి నానుతూ వచ్చింది.

ఇక్కడ తెలుగువాడిగా నేను కాలరు ఎగరేసే ఘట్టం ఒకటుంది. ఆ నియమావళిని చిత్తుప్రతి నుంచి తీర్చిదిద్దింది జస్టిస్ లావు నాగేశ్వరరావు. సెప్టెంబరు 19న దానికి ఆమోదముద్ర వేసిన ధర్మాసనానికి పెద్ద జస్టిస్ పమిడిఘంటం శ్రీనరసింహ. భారత ఫుట్‌బాల్లో తెలుగువాళ్లు ఎక్కడున్నారని ఇకమీదట ఎవరూ అడగక్కర్లేదు. బెంచీ మీదున్నారు. ఈసారి ఆట నడిపిస్తున్నదీ ఆ బెంచీయే.

అభిమానుల ఆశల గురించి రాయమని సంపాదకులు అడిగారు. ఆశలకేం, ఇక్కడి ఉక్కులాగే ఎన్ని రేకులైనా సాగుతాయి. 1987 నుంచీ ఈ ఊళ్లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ ఉంది. కార్ల్‌టన్ చాప్‌మన్, రెనెడీ సింగ్, మహేష్ గావ్లీ, సుబ్రతా పాల్ అందులోంచే వచ్చారు. పట్టాలెలా తయారుచేసి పంపించామో ఆటగాళ్లనీ అలాగే తయారుచేసి పంపించాం, వేరే ఊళ్ల జట్లకి. మాకంటూ పెద్ద లీగులో ఒక జట్టు రావడానికి 2017 దాకా పట్టింది. మొదటి ఏడు అయిదో స్థానం. రెండో ఏడు ఆస్ట్రేలియా నుంచి టిమ్ కాహిల్ అంతటివాడు వచ్చాడు. మళ్లీ అయిదో స్థానమే. మూడో ఏడు ఎనిమిది. ప్రతి ఏడూ సీజన్ ముందు బావ ఒకటే మాట: ‘ఈసారి నెగ్గేది మనమేరా.’ ప్రతి ఏడూ సీజన్ అయ్యాక ఇంకో మాట: ‘వచ్చేసారి సూడు.’

నెగ్గిన ఏడు మాత్రం ఒకటుంది. దాని కథ చెబితే మీరు నవ్వుతారు, మేం నవ్వలేం. 2021–22లో ఓవెన్ కోయిల్ కోచ్. గ్రెగ్ స్టీవర్ట్ పది గోల్స్ కొట్టి, ఇంకో పది కొట్టించాడు. ఇరవై మ్యాచుల్లో 43 పాయింట్లు. 2022 మార్చి 7న మోహన్ బగాన్ మీద రిత్విక్ దాస్ గోల్ కొట్టాడు, ఒకటీ సున్నాతో గెలిచాం, లీగ్ షీల్డ్ మాదైంది. చరిత్ర అంటే అదీ. కాకపోతే కొవిడ్ వల్ల ఆ ఏడాది మ్యాచులన్నీ గోవాలోనే, ఖాళీ స్టాండ్ల మధ్య ఆడించారు. మా ఊరి జేఆర్‌డీ స్టేడియంలో ఒక్క ఆటా జరగలేదు. మూడేళ్ల పాటు గొంతు చించుకున్న ఊరు ఆ ఏడు టీవీ ముందు మాస్కు పెట్టుకుని కూర్చుంది. మేం ఎదురుగా లేని ఏడాది చూసి మరీ గెలిచారు. సెమీఫైనల్లో కేరళ ఇంటికి పంపించేసింది, అది వేరే సంగతి. మరుసటి ఏడు గేట్లు తెరిచారు, డప్పులతో సహా లోపలికి వెళ్లాం, జట్టు పదకొండులో పదో స్థానంలో తేలింది.

అప్పటినుంచి టీ కొట్టు దగ్గర ఒక సిద్ధాంతం పుట్టి పెరిగింది. ‘మనం సూస్తే ఓడిపోతారు, సూడకపోతే నెగ్గుతారు’ అని. బావ దీన్ని ఉత్త నమ్మకం అనుకోడు, లెక్క అంటాడు. నేను మొదట్లో వెక్కిరించాను. తర్వాత 2025 ఏప్రిల్ 3 వచ్చింది.

ఆ రోజు మా ఊళ్లో మోహన్ బగాన్‌తో సెమీఫైనల్ మొదటి అంకం. ఎనభై తొమ్మిదో నిమిషానికి స్కోరు ఒకటీ ఒకటి. జనం ఒక్కసారిగా బయటికొస్తే సాక్చీ ఆటో దొరకడం కష్టం. ఇంటిదగ్గర చిన్నదానికి జ్వరం. డ్రాయే కదా అని లేచాను. గేటు దాటి, చెప్పులో దూరిన రాయి తీసుకుందామని గోడకి చెయ్యి ఆనించి వంగాను. ఒంటికాలి మీదున్నాను. గోడ అదిరింది. నిజంగానే అరచేతిలోకి వచ్చింది ఆ అదురు, చప్పుడు తర్వాతే వినిపించింది. జావీ హెర్నాండెజ్, తొంభై దాటిన మొదటి నిమిషంలో. లోపల వేలమంది ఒకళ్ల మీద ఒకళ్లు పడి ఏడుస్తున్నారు. నేను చేతిలో చెప్పు పట్టుకుని, పక్కనున్న పల్లీలవాడిని ‘ఏమైంది భాయ్?’ అని అడుగుతున్నాను. ‘గోల్ హో గయా’ అన్నాడు వాడు, జాలిగా.

ఆ రాత్రి నుంచి ఊళ్లో నా హోదా పెరిగింది. నేను లేస్తే గోల్ పడుతుందని తీర్మానం. నాలుగు రోజుల తర్వాత కోల్‌కతాలో రెండో అంకం. బావ ఇంట్లో ఇరవైమందిమి టీవీ ముందున్నాం. వాళ్లు ఒక గోల్ కొట్టి లెక్క సమం చేశారు. ఎనభై తొమ్మిదో నిమిషం రాగానే ఇరవై తలలు నా వైపు తిరిగాయి. అక్క చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. మారుమాట లేకుండా లేచి, గుమ్మం దాటి, వీధిలో నిలబడ్డాను. దేవుడికి దండం పెట్టుకున్నాను. గోల్ పడింది. తొంభై నాలుగో నిమిషంలో, అపూయా. ఎవరి గోల్ కావాలో దేవుడికి చెప్పడం మరిచిపోయాను.

మా ఆశలు ఎక్కడా మధ్యలో ఆగవనడానికి అదే సీజన్ లెక్క చూడండి. ఇరవై నాలుగు మ్యాచుల్లో పన్నెండు గెలుపులు, పది ఓటములు, డ్రాలు రెండే. అయితే పెళ్లి, లేకపోతే చావు. నెల తిరక్కుండా మే 3న భువనేశ్వర్‌లో సూపర్ కప్ ఫైనల్, గోవా చేతిలో మూడూ సున్నా. అయినా బావ కుంగిపోలేదు. అంతకుముందు ఏడు పదకొండో స్థానంలో మూలుగుతున్న జట్టుని ఖాలిద్ జమీల్ అయిదో స్థానానికి లాక్కొచ్చాడు. ఇంకో ఏడు ఉంటే షీల్డ్ రాసిపెట్టుకోవచ్చన్నాడు. ఆగస్టు 1న ఆ జమీల్‌ని భారత జట్టుకి కోచ్‌గా తీసుకెళ్లారు. పదమూడేళ్ల తర్వాత ఒక భారతీయుడికి దక్కిన పదవి, గర్వపడాల్సిందే, పడ్డాం కూడా. కాకపోతే చెరువులో చేప పెంచినవాడికి వేరేవాళ్ల ఇంట పులుసు వాసన వచ్చినప్పుడు కలిగే గర్వం అది. పట్టాలూ ఆటగాళ్లూ అయ్యారు, ఇక కోచులు కూడా మా ఊరి ఎగుమతుల్లో చేరారు. ఆగస్టు 17న డ్యూరాండ్ కప్ క్వార్టర్ ఫైనల్ మా ఊళ్లోనే జరిగింది. డైమండ్ హార్బర్ అనే కొత్త జట్టు వచ్చి రెండు గోల్స్ కొట్టి వెళ్లిపోయింది. అందరం వెళ్లి కళ్లారా చూశాం. సిద్ధాంతం మళ్లీ రుజువైంది.

దసరా వెళ్లిన వారానికి హైదరాబాద్ నుంచి బాబాయి ఫోన్ చేశాడు. ఈయనతో నాకు పాత లెక్కలున్నాయి. మేం షీల్డ్ గెలిచిన ఏడే ఫైనల్లో కేరళని పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు ఎత్తుకెళ్లింది. లీగ్ మాది, కప్పు వాళ్లది, రెండూ తెలుగువాళ్ల ఇళ్లలోనే ఉన్నాయని మేమిద్దరం ఫోన్లోనే లడ్డూలు పంచుకున్నాం. ఆ తర్వాత ప్రతి పండక్కీ దెప్పుడే. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ మా ఊరివాడు, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తా ఏషియాడ్‌లో బంగారం, తులసీదాస్ బలరామ్ మా సికింద్రాబాద్ కుర్రాడు, మీ ఊళ్లో ఏముందిరా, పొగ గొట్టాలు తప్ప, అంటూ. ఈసారి గొంతు మరోలా ఉంది.

‘మీవాళ్లు ఎలా ఉన్నార్రా?’

‘ఏం బాగుంటాం బాబాయ్, డ్యూరాండ్‌లో పోయాం.’

‘మీ ఊళ్లో జట్టు ఓడిపోయింది. మా ఊళ్లో జట్టే పోయింది.’

నిజమే. డబ్బుల్లేక, జీతాల్లేక, రెండేళ్లుగా అట్టడుగున ఈదిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఈ నెలలోనే మూటా ముల్లే సర్దుకుని ఢిల్లీ వెళ్లి పేరు కూడా మార్చేసుకుంది. రహీమ్ ఊరికి ఇప్పుడు లీగులో జట్టు లేదు. దెప్పడానికి నా దగ్గర మూడేళ్లుగా దాచుకున్న మాటలున్నాయి. ఒక్కటీ నోట రాలేదు. కాసేపటికి ఆయనే అడిగాడు: ‘మీ టీ కొట్టు లీగులో మావాళ్లున్నారా?’ బావ వైపు చూశాను. బావ పెన్సిల్ నాలిక మీద తడుపుకుని, క్యాలెండర్ అంచున కొత్త గడి గీసి, ‘హైదరాబాద్’ అని రాశాడు. ఆ సాయంత్రం నుంచి బాబాయి స్పీకర్ ఫోన్లో వాదిస్తున్నాడు. ఇప్పటికి ఆరో స్థానంలో ఉన్నారు. అసలు లీగులో ఇంత బాగా ఆడి చాలాకాలమైంది.

ఈ నెలాఖరున గోవాలో సూపర్ కప్ మొదలవుతోంది, మావాళ్లూ ఆడుతున్నారు. గోవా అనగానే బావ కళ్లు మెరిశాయి. ఈ ఊళ్లోంచి ఎవరం వెళ్లలేం, టీవీ కూడా కట్టేసి కూర్చుంటే కప్పు వచ్చినట్టే అంటున్నాడు. బిష్టుపూర్ రామ మందిరంలో కొబ్బరికాయ కూడా మొక్కుకున్నాడు.

ఇక నిన్నటి మ్యాచ్ సంగతి. టీ కొట్టు లీగులో మోహన్ బగాన్‌తో మా పోరు. అవతలి బెంచీ మీద అగ్రికో నుంచి వచ్చే బెంగాలీ దాదా ఒక్కడే. ఆయన రోజూ ముఢీ (మరమరాల) పొట్లంతో వస్తాడు. ఆవనూనె, పచ్చిమిర్చి కలిపించుకుని, వాదన మధ్యలో అందరికీ తలా గుప్పెడు పెడతాడు. నిన్న ఆయనకి గొంతు పోయింది, జలుబు. మేం రెండు గోల్స్ వాదించి నెగ్గాం. దాదా ఒకటి రాసిమ్మని సైగ చేశాడు, ఇచ్చాం. రెండూ ఒకటి. ఆటో వచ్చేసింది, దాదా లేచాడు. ఇక మూడు పాయింట్లు రాసుకోవడమే, రాసుకుంటే రెండో స్థానం.

బావ పెన్సిల్ ఎత్తి అలాగే ఉండిపోయాడు. తర్వాత నెమ్మదిగా రాశాడు: 94, అపూయా. రెండూ రెండు.

‘ఏటి బావా ఇది! కాయితం మనది, పెన్సిలు మనది. మన మీద మనమే కొట్టుకోడమేటి?’

‘మరీ అన్నీ నెగ్గేస్తే మనవాళ్లలా కనబడరొరే’ అన్నాడు బావ.

కంపెనీ భోంపు మోగింది. ఆటోలో ఒక కాలు పెట్టిన దాదా కాలు వెనక్కి తీసుకుని మా బెంచీ దగ్గరికొచ్చాడు. క్యాలెండర్ మీదికి వంగి చూసి, పోయిన గొంతుతోనే, అది ఆఫ్‌సైడేమో ఒకసారి చూడమన్నాడు.

‘లేదు దాదా, గోలే’ అన్నాడు బావ.