వినగానే తప్పనిపించే పంటి సలహాలు

నొప్పి పుట్టాక పరుగెత్తడం కాదు, ఏ నొప్పీ లేని రోజు చూసుకుని పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మన ఇళ్ళల్లో డాక్టరు గుర్తొచ్చేది దవడ వాచి, రాత్రంతా కునుకు పట్టక, లవంగ నూనె కూడా పనిచేయక ఇక లాభం లేదనుకున్నాకే. అప్పటికి పుచ్చు నరం దాకా దిగి ఉంటుంది. రూట్ కెనాల్ చేయించుకోవాలి, లేదంటే పీకించుకోవాలి. చిగుళ్ళ జబ్బయితే ఆ నొప్పి అనే కబురు కూడా పంపదు. పన్ను కదిలేదాకా దాని చుట్టూ ఎముక చడీచప్పుడు లేకుండా తరిగిపోతూనే ఉంటుంది.

పళ్ళు తోముతుంటే నురగలో ఎరుపు కనిపించగానే చాలామంది ఆ వైపు బ్రష్ పెట్టడం మానేస్తారు. మీరు మాత్రం అక్కడే ఇంకాస్త శ్రద్ధగా తోమండి. మెత్తటి బ్రష్‌ను చిగురూ పన్నూ కలిసే చోట ఏటవాలుగా ఆనించి, చిన్నచిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పండి. గట్టిగా రుద్దక్కర్లేదు. అక్కడ పాచి పేరుకుని చిగురు వాచింది గనకే రక్తం వస్తోంది. పాచి పోతే వారం పది రోజుల్లో వాపు తీసి, రక్తం తగ్గుతుంది. రెండు వారాలైనా తగ్గకపోతే లోపల గార ఉండి ఉండవచ్చు, దానికి బ్రష్ చాలదు, చూపించుకోవాలి. అలాగని రక్తం రానంత మాత్రాన చిగుళ్ళు బాగున్నాయని ధీమా పడకండి. సిగరెట్టో బీడీయో చుట్టో తాగేవాళ్ళకు జబ్బు ముదిరినా రక్తం తక్కువే కనిపిస్తుంది. పొగ ఆ జాడను దాచేస్తుంది.

“క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయి, సందులు పడతాయి” అనే మాట చెప్పే పెద్దమ్మో మేనత్తో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. సందులు కనిపించే మాట నిజమే. కనిపిస్తే దిగులు పడకండి. ఆ సందులో అన్నాళ్ళూ గార కూర్చుని ఉంది. అది పోయింది, వాచిన చిగురు కిందికి దిగింది, ఉన్న ఖాళీ బయటపడింది. పన్ను కదిలినట్టు తోస్తే, చుట్టూ ఎముక ముందే తరిగిపోయిందన్నమాట. అన్నాళ్ళూ గార ఆ పళ్ళను ఒకదానికొకటి అతికించి నిలబెట్టింది, అంతే. గార తీసే పరికరం సన్నగా అదురుతూ, నీళ్ళు చిమ్ముతూ ఆ పెచ్చును ఊడగొడుతుంది. సరైన చేతుల్లో అది పంటి పైపొరను చెక్కేయదు. నాలుగు రోజులు చల్లనీళ్ళకు జివ్వుమంటుంది, తర్వాత సర్దుకుంటుంది.

క్లీనింగ్‌కు వెళ్ళినప్పుడు “తెల్లగా చేయండి” అని అడక్కండి, “కొలిచి చెప్పండి” అని అడగండి. పంటి రంగుకూ పంటి ఆరోగ్యానికీ సంబంధం తక్కువ. కొలత అంటే ఇది: మొన మొద్దుగా ఉండి, మిల్లీమీటరు గీతలున్న సన్నని కడ్డీని చిగురుకూ పంటికీ మధ్య ఉన్న సందులోకి మెల్లగా దించుతారు. ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల దించి, పైకి చదువుతూ పోతారు. మూడు, రెండు, మూడు అని వినిపిస్తుంటే నిశ్చింతగా ఉండండి. నాలుగు, అయిదు మొదలైతే అక్కడ గుంట పడుతోంది. ఆరు, ఏడు అంటే బ్రష్ ఎన్నటికీ చేరలేని లోతు. ఆ అంకెలు కాగితం మీద రాయించుకుని, ఆరు నెలల తర్వాత మళ్ళీ కొలిపించి పక్కపక్కన పెట్టి చూసుకోండి. బీపీ చీటీలు దాచుకునే ఫైల్లోనే దీన్నీ దాచండి.

ఇక చాలామంది కనుబొమలు ముడిచే సలహా. ఈ క్లీనింగ్, కొలత పనిని డాక్టరు కాని మనిషి చేత చేయించుకోవడానికి వెనకాడకండి. ఆ మనిషి పేరు డెంటల్ హైజీనిస్ట్. పన్ను పీకడం, పుచ్చు నింపడం వాళ్ళ పని కాదు. గార తీయడం, చిగుళ్ళు కొలవడం, ఎలా తోముకోవాలో మన చేతిలో బ్రష్ పెట్టి నేర్పడం, నోట్లో తేడా కనిపిస్తే సరైన డాక్టరు దగ్గరికి పంపడం వాళ్ళ వృత్తి. దీనికి పునాది వేసింది పంటి డాక్టరే. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ 1906లో తన క్లినిక్‌లో సహాయకురాలు ఐరీన్ న్యూమన్‌కు ఈ పని నేర్పాడు. 1913లో బడి తెరిచాడు. అందులో చదివినవాళ్ళు ఆ ఊరి బళ్ళకు వెళ్ళి పిల్లల పళ్ళు శుభ్రం చేశారు.

కెనడాలోని ఒంటారియోలో 2007 నుంచి, తగిన అర్హత సంపాదించిన హైజీనిస్టులు డాక్టరు ఆదేశం కోసం చూడకుండా సొంతంగా క్లీనింగ్ చేయవచ్చు. కొందరు సొంత క్లినిక్ పెట్టుకున్నారు. కొందరు పరికరాలు పెట్టెలో సర్దుకుని వృద్ధాశ్రమాలకూ, మంచం దిగలేని పెద్దవాళ్ళ ఇళ్ళకూ వెళ్తారు. బ్రిటన్‌లో 2013 మే నుంచి రోగి నేరుగా హైజీనిస్టు దగ్గరికి వెళ్ళే వీలు కలిగింది. ఒంటారియోలోని బ్రాంప్టన్‌లోనో మిస్సిసాగాలోనో పిల్లల దగ్గర ఆరునెలలు ఉండడానికి వెళ్ళే అమ్మానాన్నలకు కెనడా ప్రభుత్వ దంత పథకం వర్తించదు, ఫీజులేమో గుండె గుభేలుమనిపిస్తాయి. కాబట్టి ప్రయాణానికి నెల ముందే ఇక్కడ గార తీయించుకుని, పుచ్చులు నింపించుకుని విమానం ఎక్కండి. అక్కడే స్థిరపడి, ఆఫీసు ఇన్సూరెన్సు లేని మనవాళ్ళు మాత్రం ఆ పథకానికి తమకు అర్హత ఉందో లేదో కనుక్కోండి. దాన్ని తీసుకునే స్వతంత్ర హైజీనిస్టులూ ఉన్నారు.

మన దేశంలో ఈ వృత్తి కొత్తదేమీ కాదు. 1948 నాటి డెంటిస్టుల చట్టంలోనే హైజీనిస్టు ఉన్నారు. పళ్ళ గార తీసి, శుభ్రం చేసి, మెరుగుపెట్టి, నోటి శుభ్రత నేర్పేవారని ఆ చట్టం చెప్పింది. రెండేళ్ళ డిప్లొమా ఉంది. అయినా మన ఊళ్ళ క్లినిక్‌లలో వాళ్ళు అరుదు, క్లీనింగ్ కూడా డాక్టరే చేస్తారు. నాకు ఇది పెద్ద లోటుగా తోస్తుంది. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త గడప దాకా వచ్చి బీపీ చూసే రాష్ట్రాలు మనవి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికొక హైజీనిస్టును ఇచ్చి, వారానికో బడికి పంపితే కాదనేదెవరు?

షుగర్ ఉన్నవాళ్ళు షుగర్ డాక్టరు ముందు చిగుళ్ళ సంగతి ఎత్తండి, పంటి డాక్టరు ముందు షుగర్ చీటీ పెట్టండి. మనం ఈ రెండు గదులకూ రెండు వేర్వేరు ఒళ్ళు తీసుకుని వెళ్తున్నట్టు ప్రవర్తిస్తాం. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైమాటే. షుగర్ అదుపు తప్పితే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది. చిగుళ్ళ వాపు అలాగే ఉంటే షుగర్ ఓ పట్టాన దిగిరాదు. చిగుళ్ళకు వైద్యం చేస్తే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కొద్దిగానైనా తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. గుండె మాటకొస్తే, చిగుళ్ళ జబ్బుతో పొత్తు కనిపిస్తోంది గానీ ఒకటి రెండోదాన్ని తెస్తుందని తేలలేదు. పళ్ళు శుభ్రం చేయిస్తే గుండెపోటు రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవాళ్ళు మాత్రం క్లీనింగ్‌కు ముందే ఆ మాట చెప్పి తీరాలి. వాళ్ళకు ముందుగా యాంటీబయాటిక్ ఇస్తారు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు వాటిని సొంత నిర్ణయంతో ఆపకూడదు.

గర్భిణులు పంటి వైద్యం వాయిదా వేయకండి. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా కుర్చీలో పడుకోవడానికీ సుఖమే. బిడ్డ తల్లి పళ్ళలోని కాల్షియం లాగేసుకుంటుందన్నది వట్టి మాట. హార్మోన్ల వల్ల చిగుళ్ళు వాస్తాయి, వేవిళ్ళ పులుపు పళ్ళను తింటుంది. వాంతయిన వెంటనే తోమకండి. నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగండి. రాత్రి తోముకున్నాక మాత్రం, గర్భిణులే కాదు ఎవరైనా సరే, పేస్టు ఉమ్మేసి ఊరుకోండి, నీళ్ళతో పుక్కిలించకండి. పుక్కిలిస్తే పంటి మీద నిలవాల్సిన ఫ్లోరైడ్ కాస్తా కొట్టుకుపోతుంది.

నల్లగొండ, ప్రకాశం జిల్లాలవాళ్ళకు ఫ్లోరైడ్ పేరు వింటేనే భయం. అది న్యాయమైన భయం. బోరునీళ్ళలోని ఫ్లోరైడ్ తరాల పాటు కడుపులోకి వెళ్ళి ఎముకలు వంచేసింది, పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు వేసింది. అక్కడ హాని చేసింది ఏళ్ళ తరబడి మింగడం. పేస్టులోది పంటి పైపొరను తాకి గట్టిపరుస్తుంది, మనం ఉమ్మేస్తాం. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీగింజంత చాలు. తోమేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన నిలబడాలి.

పళ్ళన్నీ ఊడిపోయి కట్టుడుపళ్ళు పెట్టుకున్నవాళ్ళు కూడా ఏడాదికోసారి నోరు చూపించుకోండి. రాత్రిళ్ళు కట్టుడుపళ్ళు తీసి, కడిగి, నీళ్ళలో వేసి పడుకోండి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరంలో చుట్టను నిప్పున్న కొసను నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగే అమ్మమ్మలు ఇప్పటికీ ఉన్నారు. ఆ వేడి నేరుగా అంగిలికి తగులుతుంది, కాన్సర్ కూడా అక్కడే మొదలవుతుంది. కట్టుడుపళ్ళు తీయించి, లైటు వేసి, అంగిలి, నాలుక కింద, బుగ్గల లోపల ఎవరైనా చూడాలి. తెల్లమచ్చ గానీ, ఎర్రమచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ కనిపిస్తే, నొప్పి లేకపోయినా ఆ వారంలోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.