స్ప్రింట్ సారు

కోడ్ రాసేవాడి దగ్గర లాప్‌టాప్ ఉంటుంది. ఆ రాసేవాళ్లకి పనిచేసే పద్ధతి నేర్పేవాడి దగ్గర రంగురంగుల స్టిక్కీ కాగితాల కట్ట ఉంటుంది. హైటెక్ సిటీలో ఏ బిల్డింగుకి పోయినా ఇలాంటివాడు ఒకడు తగులుతాడు. మన కథానాయకుడిది దుత్తలూరు. మీటింగు రూములో ఆయన ఎజైల్ కోచ్, ఊళ్లో స్ప్రింట్ సారు.

ఉదయగిరిలో చదువు, అమీర్‌పేట మైత్రీవనం దగ్గర టెస్టింగ్ కోర్సు, కొన్నేళ్లు ఎదుటివాళ్ల కోడ్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. ఆ తర్వాత రెండు రోజుల క్లాసు విని, 50 ప్రశ్నల పరీక్షలో పాసుకి కావలసిన 37 దాటించి, ఎజైల్ పద్ధతుల్లో ఒకటైన స్క్రమ్‌లో సర్టిఫైడ్ స్క్రమ్ మాస్టర్ అయిపోయాడు. ఆ బిరుదుకి రెండేళ్లకోసారి డబ్బు కట్టి ఊపిరి పోయించాలి. కడుతున్నాడు.

సారు క్లాసు స్థలపురాణంతో మొదలవుతుంది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ పెద్దలు కూడారు. ఎజైల్ పేరుతో నాలుగు విలువలు, వాటికి తోడు 12 సూత్రాలు లోకానికిచ్చారు. మొదటి విలువ: పద్ధతుల కన్నా, పనిముట్ల కన్నా మనుషులూ వాళ్ల మధ్య మాటలూ ముఖ్యం. ఈ ముక్క చెప్పేటప్పుడు సారు గొంతు తడబడుతుంది. గొంతు సర్దుకుని పనుల లెక్క రాసే జిరా అనే సాఫ్ట్‌వేర్ తెరుస్తాడు. ఇక మధ్యాహ్నం భోజనాల దాకా పనిముట్టే. ఏ గడిలో ఏం నింపాలి, ఏ టికెట్టు ఎవరి అనుమతితో ఎటు జరగాలి అన్నదే పాఠం. 2002లో వచ్చిన ఈ జిరాకి ఆ పేరు గోజిరా నుంచి దక్కింది. జపాను వాళ్లు గాడ్జిల్లాని పిలిచే పేరది. పేరు పెట్టినవాళ్లు ముందే హెచ్చరించారన్నమాట.

రోజూ పదిహేను నిమిషాల స్టాండప్ మీటింగు ఆయనకి ప్రాణం. నిలబడితే కాళ్లు లాగుతాయి, కాళ్లు లాగితే మాటలు తగ్గుతాయని పెద్దల లెక్క. ఇప్పుడు అందరూ కెమెరా ఆపేసి ఫోన్లోనే హాజరు. ఎవరు నిలబడ్డారో, ఎవరు పడుకున్నారో పైవాడికే తెలియాలి. నిన్నేం చేశావు, ఇవాళేం చేస్తావు, అడ్డమేంటి అన్న మూడు ప్రశ్నల్ని స్క్రమ్ నియమాల పుస్తకం, 2020 స్క్రమ్ గైడ్, తీసేసింది. సారుకి ఆ సంగతి తెలుసు. కాకపోతే అవి కూడా తీసేస్తే ఆయన అడగడానికి ఇంకేం మిగల్దు.

అంచనాల రోజున పేకముక్కలు పంచుతాడు. 1, 2, 3, 5, 8, 13. ఫిబొనాచి అనే ఇటలీ పెద్దమనిషి లెక్క ఇదని చెబుతాడు. అంతకు ముందే, 12వ శతాబ్దంలో, గుజరాతులో హేమచంద్రుడు లఘువులూ గురువులూ పేర్చి ఇవే అంకెలు తేల్చాడని చెబితే ఛందస్సుకి భయపడ్డ పిల్లలు లేచిపోతారేమో! ముక్కల మీది ఈ అంకెలు పని బరువుని చెప్పే పాయింట్లే తప్ప రోజుల లెక్క కాదని అరగంట వివరిస్తాడు. అంతా విని మేనేజరు అడుగుతాడు: "సరే సార్, మూడు పాయింట్లంటే ఎన్ని రోజులు?"

ఉదాహరణలు మాత్రం సొంతగడ్డవే. కృష్ణదేవరాయలు ఉదయగిరి కోటని ఏడాది దాటి ముట్టడించి 1514లో గెలిచాడు. "రెండు వారాల విడతలుగా, అదే స్ప్రింట్లుగా, విడగొట్టుకుని ఉంటే?" అని సారు అడిగాడు. వెనక బెంచీ నుంచి జవాబు వచ్చింది: "ప్రతి రెండు వారాలకీ డెమోలో ఏం చూపిస్తాడు సార్? ఆయన తీసుకుపోయింది ఆఖర్న ఒక్క బాలకృష్ణుడి విగ్రహమే గదా."

సారు ఇలాంటివాటికి చలించడు. ప్రాజెక్టు మునిగినా చలించడు. "మీరు చేసింది స్క్రమ్ కాదు" అంటాడు. గైడ్‌లోనూ అదే ఉంది: కొన్ని ముక్కలే పాటిస్తే అది స్క్రమ్ కాదు. మార్పుకి తలొగ్గమని ఊరందరికీ చెప్పే ఆ పుస్తకం, తాను మాత్రం మార్చరానిదానినని రాసుకుంది. ఇంత గట్టి కోట ఉదయగిరిలో కూడా లేదు.

ఇంటి నుంచి పని వచ్చాక సారు దుత్తలూరులో ఇల్లు మొదలుపెట్టాడు. లేచిన గోడ మీద స్టిక్కీ కాగితాలు అంటించాడు. పచ్చి ఇటుక మీద అవి నిలవలేదు, మెట్ట గాలికి పక్కచేలోకి పోయాయి. బొగ్గుతో మూడు గళ్లు గీశాడు: చేయాల్సినవి, చేస్తున్నవి, అయినవి. ఉదయం ఎనిమిదికి స్టాండప్. బేల్దార్లు ఎలాగూ నిలబడే ఉన్నారు. కుర్చీ వేసుకుని కూర్చున్నది సారొక్కడే.

"నిన్న ఏం చేశారు మేస్త్రీ?"

"కనపడతానే ఉండాది గదా సామీ."

"ఇవాళ?"

"ఇసక వస్తే గోడ. రాకపోతే లేదు."

"బ్లాకర్లు?"

"అదే చెప్తిని గదా, ఇసక."

ఇంత సూటిగా జవాబు చెప్పిన టీము హైటెక్ సిటీలో ఆయనకి తగల్లేదు. ఉత్సాహం పుట్టి, ప్రతి రెండు వారాలకీ వాడుకోదగ్గ ముక్క ఒకటి అప్పజెప్పాలన్నాడు. మేస్త్రి ఆలోచించి, "రెండు వారాల్లో వాడుకునేదంటే బాత్రూమే సామీ" అన్నాడు. స్లాబుకి ఎన్ని పాయింట్లని అడిగితే, పాయింట్లు తెలవదు, సిమెంటు మూటలైతే చెప్తానన్నాడు.

స్లాబుని సారు నాలుగో స్ప్రింట్‌లో పెట్టాడు. వాళ్లమ్మ ఒప్పుకోలేదు. "నర్రవాడ వెంగమాంబ తిరణాళ్లకి పనోళ్లంతా పోతారు నాయనా, ఆ లోపల పడాల." మేస్త్రీ, ఆమే మాట్లాడుకుని రెండో స్ప్రింట్‌లోకి లాగేశారు. మార్పుని ఆఖర్లో వచ్చినా ఆహ్వానించమని 12 సూత్రాల్లో రెండోది. సారు ఆహ్వానించాడు.

స్లాబు పడ్డ పదో రోజున సెంట్రింగ్ విప్పి డెమో ఇమ్మని అడిగాడు. "ఇప్పుడిప్పితే డెమో మీ నెత్తిన పడద్ది సామీ" అని మేస్త్రి చుట్ట ముట్టించాడు. ఇల్లు ఆలస్యమైంది. ఎందుకని చుట్టాలు అడిగితే, మేస్త్రి పూర్తి స్క్రమ్ పాటించలేదని సారు సర్దిచెప్పాడు.

హైదరాబాదు క్లాసులో ఇప్పుడు కొత్త స్లైడు చేరింది: 'పల్లెటూరి ఎజైల్'. బొగ్గు గళ్ల ఫొటో, పక్కన మేస్త్రి. దాని పేరు చెప్పి సారు ఫీజు కొంచెం పెంచాడు కూడా. ఈ వార్త దుత్తలూరు సెంటర్లో టీ కొట్టు దాకా వచ్చింది. "నా పని చూపించి డబ్బులు చేసుకుంటుండాడంట గదా" అన్నాడు మేస్త్రి గ్లాసు కింద పెడుతూ. "పిట్టగోడ రేటు మళ్లీ మాట్లాడుకోవాల."